పురుగు బొమ్మ గీసి రైతుకు దారి చూపిన రైలీ



ఈసారి వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని తమ్ముళ్లు అడిగారు. అంబేద్కర్, ఫూలే, జాషువా గార్ల గురించి మన సంచికలో ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. కానీ మేము ఈసారి మన హాస్టల్ గోడల మీద ఫొటో లేని ఒకాయన గురించి రాయాలనుకున్నాం. ఆయన పేరు ఛార్లెస్ వాలెంటైన్ రైలీ. ఆయన పురుగుల బొమ్మలు గీసేవారు. ఆ బొమ్మలతోనే అమెరికా రైతులకు, ఫ్రాన్సు ద్రాక్షతోటలకు మేలు చేసి, చివరికి ప్రపంచమంతటా కీటకశాస్త్రం చదివే విద్యార్థులకు ఒక పాఠమయ్యారు.

ఆయనే ఎందుకో ముందుగా చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఇప్పుడు ఎమ్మెస్సీ జువాలజీలో కీటకశాస్త్రం చదువుతున్నాం. మా నాన్నది రెండెకరాల పత్తి చేను. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకు ఇంటికి వెళ్తే, నాన్న చేనంతా మందు కొట్టి వచ్చి గట్టు మీద కూర్చున్నారు. ఆకుల నిండా నల్లటి పురుగులు పట్టాయని, చిన్న మొసలి పిల్లల్లా ఉన్నాయని చెప్పారు. అప్పు తెచ్చి కొన్న మందు అది. చాలా ఏళ్ల తర్వాత డిగ్రీ పుస్తకంలో ఒక బొమ్మ చూసి ఉలిక్కిపడ్డాం. నాన్న చెప్పిన ఆ మొసలి పిల్లలు అక్షింతల పురుగు పిల్లలు! అవి పేనుబంకను తినే మిత్రపురుగులు. మా చేనుకు కాపలా కాస్తున్న వాటినే మేము అప్పు చేసి మరీ చంపుకున్నాం. ఆ రోజు నాన్న చేతిలో ఒక్క బొమ్మ ఉండి ఉంటే బాగుండేది కదా అనిపించింది. అలాంటి బొమ్మలు మొదట ఎవరు గీశారని వెతుక్కుంటూ వెళ్తే ఎదురైన పేర్లలో రైలీ గారిది ఒకటి.

బాల్యం - బోర్డింగు చదువు

రైలీ గారు 1843 సెప్టెంబర్‌లో లండన్ నగరంలోని చెల్సీ ప్రాంతంలో జన్మించారు. ఆయన తల్లిదండ్రులకు చట్టప్రకారం పెళ్లి కాలేదు. తండ్రి ఇంటిపేరు ఆయనకు దక్కలేదు. ఆ కాలపు ఇంగ్లండులో అది చిన్న అవమానం కాదు. పదకొండేళ్ల వయసు నుంచి ఇంటికి దూరంగా బోర్డింగు బడుల్లోనే పెరిగారు. మొదట ఫ్రాన్సులోని డియెప్, తర్వాత జర్మనీలోని బాన్ పట్టణం. సెలవులకు వెళ్లడానికి ఇల్లు ఉండీ లేనట్టున్న పిల్లవాడి పరిస్థితి మనలో కొందరికి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ బడుల్లో ఆయనకు రెండు ఆస్తులు దొరికాయి. ఒకటి, ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి, జర్మన్ భాషలు. రెండోది, బొమ్మలు గీయడం. సీతాకోకచిలుకలు, పెంకుపురుగులు పట్టి తెచ్చి, పెన్సిల్‌తో, రంగులతో అచ్చం వాటిలాగే గీసేవారు. ఈ రెండు ఆస్తులూ తర్వాత జీవితమంతా ఆయనకు అన్నం పెట్టాయి.

పదిహేడో ఏట, 1860లో, ఓడ ఎక్కి అమెరికా చేరారు. అక్కడ ఇల్లినాయ్ రాష్ట్రంలోని కాంకకీ ప్రాంతంలో ఒక రైతు దగ్గర పనికి కుదిరారు. మూడేళ్ల పాటు పశువుల్ని చూసుకున్నారు, పొలం పనులు చేశారు. పంటను పురుగు ఎలా తింటుందో, తిన్నాక రైతు ముఖం ఎలా ఉంటుందో పుస్తకంలో కాక పొలంలోనే చూశారు. తర్వాత షికాగో నగరానికి వెళ్లారు. చేతిలో డబ్బు లేదు. మాంసం ప్యాకింగ్ చేసే చోట పని చేశారు. తనతో పాటు అద్దె గదుల్లో ఉండేవాళ్ల ముఖచిత్రాలు గీసి అమ్ముకున్నారు. చివరికి ప్రెయిరీ ఫార్మర్ అనే రైతుల పత్రికలో చేరి, పురుగుల గురించి రాయడం, బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. 1864లో అమెరికా అంతర్యుద్ధం సాగుతుండగా కొన్ని నెలలు సైన్యంలో పనిచేసి, మళ్లీ పత్రికకే వచ్చారు.

విశ్వవిద్యాలయంలో ఆయన ఏనాడూ చదవలేదు. పట్టా లేదు. ఇల్లినాయ్‌లో బెంజమిన్ వాల్ష్ అనే పెద్దాయన ఉండేవారు. ఆయన కేంబ్రిడ్జిలో చదివి, అమెరికా వచ్చి వ్యవసాయం, కలప వ్యాపారం చేసి, పురుగుల అధ్యయనంలో పడినవారు. రైలీ గారి కంటే ముప్పై అయిదేళ్లు పెద్ద. ఆయనే గురువు, స్నేహితుడు అయ్యారు. 1868లో ఇద్దరూ కలిసి కీటకాల గురించి ఒక పత్రిక ప్రారంభించారు. మరుసటి ఏడాదే వాల్ష్ గారు రైలు ప్రమాదంలో దెబ్బతిని చనిపోయారు.

మిసూరీ నివేదికలు

1868లోనే మిసూరీ రాష్ట్రం రైలీ గారిని తమ మొట్టమొదటి రాష్ట్ర కీటకశాస్త్రవేత్తగా నియమించింది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. అంటే ఇప్పుడు మా కంటే రెండేళ్లు పెద్ద. సెయింట్ లూయీ నగరంలో ఆయన ఆఫీసు. ఏడాదికి ఒకటి చొప్పున తొమ్మిది నివేదికలు వెలువరించారు. ఈ తొమ్మిది పుస్తకాలే ఆయన పేరు నిలబెట్టాయి. డార్విన్ అంతటి శాస్త్రవేత్త వాటిని చదివి మెచ్చుకుని ఆయనతో ఉత్తరాలు నడిపారు.

ఆ నివేదికల్లో ఏముంది? ఒక్కో పురుగుకు ఒక్కో జీవిత చరిత్ర ఉంది. రైలీ గారు చచ్చిన పురుగును సూదికి గుచ్చి గీసి ఊరుకోలేదు. గుడ్లు తెచ్చి, పెట్టెల్లో పెంచి, పిల్లపురుగు దశ, నిద్రావస్థ, పెద్ద పురుగు దశ అన్నీ కళ్లారా చూసి గీశారు. గుడ్లు ఆకుకు ఏ వైపున పెడుతుందో, పిల్లపురుగు ఆకును ఎలా కొరుకుతుందో బొమ్మలోనే కనిపించేది. పురుగు చిన్నదైతే పెద్దగా గీసి, పక్కనే అసలు పొడవు ఎంతో చూపే ఒక సన్నని గీత పెట్టేవారు. రైతు ఆ గీత చూసి, చేలో పురుగును చూసి పోల్చుకోవచ్చు. మన రికార్డుల్లో ఎన్ని రెట్లు పెద్దదో అంకె వేస్తాం కదా, ఆ పనిని ఆ గీత చదువురాని వాడికి కూడా అర్థమయ్యేలా చేసింది.

అప్పట్లో ఫొటోను అక్షరాల పక్కనే అచ్చు వేసే పద్ధతులు ఇంకా వాడుకలోకి రాలేదు. బొమ్మను గట్టి చెక్క దిమ్మె మీద తిరగేసి గీయాలి. తెల్లగా ఉండాల్సిన భాగాన్ని చెక్కేవాడు సన్నని ఉలితో తొలిచేస్తాడు. మిగిలిన ఎత్తుభాగం సిరా పట్టుకుని కాగితం మీద పడుతుంది. అక్షరాల పక్కనే అదే అచ్చులో బొమ్మా వస్తుంది కాబట్టి ఖర్చు తక్కువ. ఆ దిమ్మెల నుంచి లోహపు నకళ్లు తీసి ఇతర పత్రికలు, పుస్తకాలు కూడా ఆ బొమ్మల్ని వేసుకున్నాయి. తరగతిలో గోడకు వేలాడదీసి చూపడానికి ఆయన పెద్ద పెద్ద పటాలు కూడా గీశారు. అవి కొన్ని నేటికీ కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ గ్రంథాలయంలో ఉన్నాయి.

పది చారల పెంకుపురుగు

రైలీ గారి బొమ్మల్లో అందరికీ తెలిసింది కొలరాడో బంగాళాదుంప పెంకుపురుగు. పసుపు రంగు వీపు మీద పది నల్ల చారలు. ఈ పురుగుకు 1824లోనే శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. అప్పుడది కొండ ప్రాంతాల్లో ఒక ముళ్ల కలుపు మొక్కను తింటూ, మనిషి జోలికి రాకుండా బతికేది. జనం పడమటికి వెళ్లి బంగాళాదుంప వేశారు. అదీ, ఆ కలుపు మొక్కా ఒకే కుటుంబం. పురుగుకు కొత్త తిండి దొరికింది. 1859లో నెబ్రాస్కా ప్రాంతంలో బంగాళాదుంప చేల మీద పడి, అక్కడి నుంచి తూర్పుకు బయలుదేరి, 1874 నాటికి అట్లాంటిక్ సముద్రతీరం చేరింది. పదిహేనేళ్లలో దాదాపు సగం దేశం దాటింది.

రైలీ గారు ఏటా దాని ప్రయాణాన్ని నమోదు చేశారు. ఆ పురుగు బొమ్మ పలకలో గుడ్ల గుత్తులు, వివిధ వయసుల పిల్లపురుగులు, పెద్ద పురుగు, విడిగా పెద్దగా చేసిన ఒక రెక్క కప్పు, ఒక కాలు ఉంటాయి. కాలు ఎందుకు అనుకుంటాం. దానికి కారణం ఉంది. ఈ పురుగుకు అచ్చం కవలలా ఉండే ఇంకో పురుగు ఉంది. అది బంగాళాదుంపకు పెద్దగా హాని చేయదు. రెక్క మీద చారల అమరిక, కాలి మీద మచ్చ చూస్తే తప్ప తేడా తెలియదు. రెండింటి బొమ్మలూ వేసి ఏది శత్రువో, ఏది కాదో రైతుకు చూపించారు. ఆ కాలంలో దీనికి కొట్టే మందు పారిస్ గ్రీన్, అంటే ఆర్సెనిక్ విషం. తప్పు పురుగు మీద విషం కొడితే డబ్బూ పోతుంది, ఆరోగ్యమూ పోతుంది. ఆ చిన్న కాలు బొమ్మ విలువ మా నాన్న పత్తి చేను గుర్తొచ్చినప్పుడల్లా మాకు అర్థమవుతుంది.

ద్రాక్ష, మిడత

అదే సమయంలో ఫ్రాన్సులో ద్రాక్షతోటలు ఎండిపోసాగాయి. 1868లో అక్కడి శాస్త్రవేత్తలు వేళ్ల మీద పసుపు రంగు పేనులాంటి పురుగును కనుక్కున్నారు. దాని పేరు ఫిలాక్సెరా. అమెరికాలో ద్రాక్ష ఆకుల మీద బుడిపెలు చేసే పురుగూ, ఫ్రాన్సులో వేళ్లను చంపే పురుగూ ఒకటేనా అనేది ప్రశ్న. రైలీ గారు 1871లో స్వయంగా ఫ్రాన్సు వెళ్లి చూసి రెండూ ఒకటేనని నిర్ధారించారు. చిన్నప్పుడు నేర్చిన ఫ్రెంచి అక్కడ పనికొచ్చింది. అమెరికా ద్రాక్ష వేళ్లు ఈ పురుగును తట్టుకోగలవు. కాబట్టి అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టడమే ఉపాయమని చెప్పినవారిలో ఆయన ముఖ్యులు. మిసూరీ నుంచి అంటు మొక్కలు ఓడల్లో వెళ్లాయి. ఫ్రాన్సు ప్రభుత్వం ఆయనకు బంగారు పతకం ఇచ్చి గౌరవించింది.

1873 నుంచి 1877 వరకు రాకీ పర్వతాల మిడతల దండు పడమటి రాష్ట్రాలను ఊడ్చేసింది. దీని మీద 1877లో ఏర్పడిన జాతీయ కమిషన్‌కు రైలీ గారే నాయకత్వం వహించారు. ఆకలితో ఉన్న జనం కళ్లముందున్న మిడతల్నే వండుకు తినవచ్చని, 1875లో వారెన్స్‌బర్గ్ పట్టణంలో మిడతల వంటకాలతో విందు చేసి తానూ తిని చూపించారు. జనం నవ్వారు. ఆయన లెక్క చేయలేదు.

అక్షింతల పురుగు విజయం

1878లో రైలీ గారు అమెరికా వ్యవసాయ శాఖలో కీటకశాస్త్రవేత్త అయ్యారు. పై అధికారితో పొసగక మరుసటి ఏడాదే బయటికి వచ్చారు. 1881లో తిరిగి చేరి 1894 దాకా పనిచేశారు. పత్తిని తినే పురుగుల మీద పెద్ద పరిశోధన జరిగింది అప్పుడే. కిరసనాయిలును సబ్బు నీళ్లలో గిలక్కొట్టి చల్లే పద్ధతి వాడుకలోకి తెచ్చిందీ ఆయన విభాగమే. మందు నీటిని చిన్న గిన్నెలాంటి గదిలో సుడి తిప్పి మంచులా చిమ్మే నాజిల్ కూడా అక్కడే తయారైంది. ఇప్పుడు మన చేలల్లో వీపున మోసే పంపుల నాజిల్‌లో తిరిగేది కూడా ఆ సుడే.

ఇక అసలు ఘట్టం. ఆస్ట్రేలియా నుంచి మొక్కలతో పాటు వచ్చిన దూదిలాంటి పొలుసు పురుగు కాలిఫోర్నియా నారింజ తోటలను తెల్లగా కప్పేసింది. ఏ మందూ పనిచేయలేదు. రైతులు చెట్లు నరుక్కోవడం మొదలుపెట్టారు. పురుగు పుట్టిన దేశంలో అది ఇంత బీభత్సం చేయడం లేదంటే, అక్కడ దాన్ని తినేవాళ్లు ఎవరో ఉండి ఉండాలి. ఆ శత్రువును తెద్దాం అన్నది రైలీ గారి ఆలోచన. శాఖ ఉద్యోగులు విదేశాలకు వెళ్లడానికి నిధులు లేవు. 1888లో మెల్బోర్న్ నగరంలో జరిగే ప్రదర్శన పేరు మీద ఖర్చు పెట్టించి, ఆల్బర్ట్ కోబెల్ అనే సహాయకుణ్ణి ఆస్ట్రేలియా పంపించారు. కోబెల్ అడిలైడ్ తోటల్లో ఎరుపు నలుపుల చిన్న అక్షింతల పురుగును కనుగొన్నారు. దాని పేరు వెడాలియా. రైలీ గారు మొదట ఆశ పెట్టుకున్నది దీని మీద కాదు, ఒక చిన్న ఈగ మీద. పెద్దలు కూడా ఊహలో పొరబడతారు. పొలం చెప్పింది విన్నారు కాబట్టి గెలిచారు.

ఓడలో మొదట చేరిన అక్షింతల పురుగులు 129. లాస్ ఏంజెలెస్‌లో ఒక నారింజ చెట్టుకు గుడారం కట్టి అందులో వదిలారు. అక్కడ చూసుకున్నది కోక్విలెట్ అనే ఉద్యోగి. 1889 జూన్ నాటికి పది వేలకు పైగా పురుగుల్ని రైతులకు పంచారు. తోటలు మళ్లీ పచ్చబడ్డాయి. పురుగును పురుగుతో అదుపు చేయడం అనే పద్ధతికి ఇది ప్రపంచమంతటా ఉదాహరణ అయింది. ఆ పొలుసు పురుగు 1928 ప్రాంతంలో నీలగిరి కొండల్లో కనిపించినప్పుడు, మన తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న నాటి మద్రాసు రాష్ట్రం ఇదే అక్షింతల పురుగును విదేశాల నుంచి తెప్పించి వదిలింది.

పేరు ఎవరిది?

ఇంతవరకు రాసి ఆపేస్తే పూలదండ వేసినట్టు ఉంటుంది. కానీ ఒక మాట దాచకూడదు. రైలీ గారితో పనిచేయడం తేలిక కాదు. కింది ఉద్యోగుల పని తన పేరు మీద వస్తోందనే ఫిర్యాదు ఆయన మీద ఉండేది. సుడి నాజిల్‌ను తయారుచేసింది బర్నార్డ్ అనే సహాయకుడు. దానికి రైలీ పేరు అంటుకుంటే ఆయన బాధపడ్డారు. థియోడర్ పెర్గాండే అనే జర్మన్ వలసజీవి ఏళ్ల తరబడి పురుగుల్ని పెంచి నోట్సు రాశారు. ఆ నోట్సు మీద ఎన్నో పరిశోధనలు నిలబడ్డాయి. పెర్గాండేకూ పట్టా లేదు. ఇక కాలిఫోర్నియా రైతులు మాత్రం కోబెల్‌కే బంగారు గడియారం ఇచ్చి, ఆయన భార్యకు చెవిపోగులు పెట్టారు. ఆలోచన తనదైతే పేరు ఆయనకు వెళ్లిందని రైలీ గారు నొచ్చుకున్నారు. ఇద్దరి మధ్య పొత్తు చెడింది. తండ్రి పేరే దక్కని మనిషి పేరు కోసం అంత పాకులాడడంలో ఆశ్చర్యం లేదేమో. కానీ తనకు జరిగిన నొప్పి ఇంకొకరికి పెట్టడం న్యాయం కాదు.

ఈ భాగం చదివినప్పుడు మాకు ఇంటర్ రోజులు గుర్తొచ్చాయి. ఒక ప్రదర్శన కోసం పత్తి పురుగుల చార్టు రాత్రి రెండింటి దాకా కూర్చుని గీశాం. బహుమతి వచ్చింది. స్టేజీ మీద చదివిన పేరు వేరొకరిది. చాలా రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు సిగ్గు విడిచి ఇంకోటి చెబుతున్నాం. మా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పురుగుల్ని సేకరించి పెట్టింది ఈ హాస్టల్ తమ్ముడే. తెల్లవారుజామున చేలెంబడి తిరిగాడు. మొదటి ప్రతిలో అతని పేరు ఎక్కడా రాయలేదు. రైలీ గారి కథ పూర్తిగా తెలిశాక సిగ్గుపడి, మొదటి పేజీలో అతని పేరు రాసి మళ్లీ బైండింగు చేయించాం. బైండింగుకు అయిన ఖర్చు కొంచెమే. ముందే రాయాలన్న బుద్ధి మాత్రం మాకు ఆలస్యంగా వచ్చింది.

చివరి రోజు

రైలీ గారు తాను సేకరించిన లక్షకు పైగా కీటకాలను అమెరికా జాతీయ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చేశారు. అక్కడి కీటక విభాగానికి అదే పునాది. 1895 సెప్టెంబర్ 14న వాషింగ్టన్‌లో సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తున్నారు. వెంట కొడుకు కూడా ఉన్నాడు. వాలు రోడ్డులో ఎవరి బండి నుంచో జారిపడిన రాయికి చక్రం తగిలి కింద పడ్డారు. తలకు దెబ్బ తగిలి ఆ రోజే కన్నుమూశారు. యాభై రెండో పుట్టినరోజుకు ఇంకా కొద్ది రోజులే ఉంది.

తమ్ముళ్లారా, బొమ్మలు గీసేవాణ్ణి చూసి చదువు మీద ధ్యాస లేదని మనం ఎగతాళి చేస్తాం. ఆ అలవాటు మానుకుందాం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ చేలో ఒక్క పురుగునైనా గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా చూసి గీయండి. పక్కన అసలు పొడవుకు గీత పెట్టండి. శత్రువో మిత్రుడో తెలుసుకుని అమ్మానాన్నలకు చూపించండి. కింద మీ పేరు రాయండి. పట్టి తెచ్చిన వాడి పేరు కూడా రాయండి.

మా నాన్నకు మొన్న సంక్రాంతికి అక్షింతల పురుగు పిల్ల బొమ్మ గీసి ఇచ్చాం. చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. ఇప్పుడది మా ఇంట్లో పంపు తగిలించే మేకు పక్కనే గోడకు అంటించి ఉంది.